ఆపేసినా బదులిచ్చిన వెంకటపతిరాజుగారు

మా ముత్తాతగారు వెంకటపతిరాజుగారు. కాలువలో ఆయన పడవ వస్తోందంటే లాకు తలుపుల దగ్గర మిగతా పడవలన్నీ పక్కకు జరిగేవి. మా తాతగారు నరసింహరాజుగారు సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు వెళ్తే ఆయనకు కుర్చీ వేసిన తర్వాతే విచారణ మొదలైంది. ఆ ఇద్దరి పేర్ల మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇది నాకు నిజంగా జరిగింది. నేను నిద్రలో లేను. తాగి అసలే లేను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

నేను చేసేది నెట్‌వర్కుల పని. ఉద్యోగం కాదు. ఎవరైనా పిలిస్తే వెళ్లి సలహా చెబుతాను.

భీమవరం అవతల మా దూరపు బంధువు సుబ్బరాజుగారికి రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే పరికరం ప్రతి చెరువులోనూ ఉంటుంది. ఆ అంకెలు గట్టు మీది గదిలో ఉన్న సర్వర్‌కు చేరతాయి. ఆక్సిజన్ పడిపోతే అందరి ఫోన్లలో సైరన్ మోగాలి. మోగుతోంది కూడా. కానీ ఒక్కోసారి ఆలస్యంగా మోగుతోంది. రొయ్య ఆలస్యాన్ని ఓర్చుకోదు. రాత్రిపూట కాసేపు గాలి అందకపోతే చెరువు చెరువంతా పోతుంది. అప్పటికే సుబ్బరాజుగారికి రెండు పంటలు పోయాయి. మూడోది పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మే దశకు వచ్చింది.

"ఈసారి కూడా పోయిందంటే ఇంక లేవలేను బాబూ" అన్నారాయన.

సర్వర్ ఒక్కటే. కానీ దాని లోపల ఉత్తుత్తి కంప్యూటర్లను ఎన్నయినా నడపవచ్చు. వాటినే వర్చువల్ మెషిన్లు అంటారు. ఒక్కోదానికి ఒక ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు, ఆ కార్డును నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాము ఉంటాయి. డ్రైవర్లలో పాతరకం ఒకటుంది. అది ఎప్పటిదో అసలు కార్డులాగే అచ్చంగా నటిస్తుంది. నమ్మకమైనదే, కానీ నెమ్మది. కొత్తరకానికి తాను ఉత్తుత్తిదని ముందే తెలుసు. నటనలేవీ లేకుండా సర్వర్‌తో నేరుగా మాట్లాడుతుంది. వేగం ఎక్కువ. రెండింటినీ పక్కపక్కన నడిపి, చెరువులకు ఏది మంచిదో తేల్చాలి. అదీ రాత్రిపూట తేల్చాలి. ఆక్సిజన్ పడిపోయేది అప్పుడే కదా.

రెండింటికీ చెరువుల అంకెలు అందేలా, రెండూ సైరన్ పంపేలా పెట్టాను. ఇక వాటికి పేర్లు కావాలి. పాత డ్రైవర్ ఉన్నదానికి మా ముత్తాతగారి పేరు పెట్టాను. కొత్తదానికి నా పేరు. మా ఇంట్లో పెద్దవాళ్ల పేరును ఒట్టిగా పలకరు. అందుకని మెషిన్ పేరులో కూడా 'గారు' చేర్చాను.

చెరువుల మేనేజరు శ్రీనుది పాలకొల్లు. నా ఈడువాడే. నోరు ఊరుకోదు.

"కంప్యూటర్‌కి గారేంటండి బాబుగారూ? కాఫీ కూడా ఇమ్మంటారా?"

"ముందు నాకివ్వు. తర్వాత చూద్దాం."

పరీక్ష మొదలుపెట్టాను. ఒక్కో మెషిన్‌లోకీ డేటాను కుండపోతగా కుమ్మరించాను. బయట చెరువులకు గాలి అందించే ఏరియేటర్ల రెక్కలు నీళ్లను కొడుతున్నాయి. ఛప... ఛప... ఛప. గది నిండా మేత వాసన. గ్లాసులో కాఫీ చల్లారకముందే ఫలితం తేలిపోయింది. కొత్త డ్రైవర్ పాతదాన్ని ఎక్కడో వెనక వదిలేసింది.

"ఆయ్, మీ ముత్తాతగారిని ఓడించేశారండి" అన్నాడు శ్రీను.

"ఓడించలేదు. ఆయన దారిచ్చారు."

ఇక ఓడిన మెషిన్‌ను ఆపేయాలి. అందుకు రెండు ఆజ్ఞలున్నాయి. ఒకటి, పనులు ముగించుకుని నెమ్మదిగా ఆగమని చెబుతుంది. రెండోది ఉన్నపళాన ప్రాణం తీస్తుంది. దాని పేరే డిస్ట్రాయ్. మాలాంటి పరీక్షలు చేసేవాళ్లందరూ రెండోదే వాడతారు. నేనూ అంతే. కానీ ఆ రాత్రి ముత్తాతగారి పేరు పక్కన ఆ మాట టైపు చేయడానికి నా వేళ్లు కదల్లేదు. మర్యాదగా మొదటిదే ఇచ్చాను.

కాసేపటికి తెర మీద 'ఆగిపోయింది' అని వచ్చింది. నేను చూశాను. శ్రీను కూడా చూశాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

నా పేరున్న మెషిన్ ఒక్కటే నడుస్తోంది. అన్ని చెరువుల అంకెలూ పచ్చగా ఉన్నాయి. శ్రీను నడుం వాల్చాడు. నేను కుర్చీలోనే కూర్చున్నాను...

సైరన్ మోగింది.

నా ఫోన్. వెంటనే శ్రీను ఫోన్. తూర్పు చెరువులో ఆక్సిజన్ పడిపోతోందని కబురు. తెర వైపు చూశాను. తూర్పు చెరువు పచ్చగానే ఉంది. ఏమీ కాలేదు. మరి ఈ కబురు ఎక్కడిది? ఫోన్ మళ్లీ చూశాను. పంపిన మెషిన్ పేరు కింద రాసి ఉంది.

వెంకటపతిరాజుగారు.

"మీరు ఆపేశారు కదండీ..." శ్రీను తన ఫోన్ నా ముందు పెట్టాడు.

"ఆపేశాను."

అప్పుడు విన్నాను. విన్నానంటే... వినిపించలేదు. మూడు వైపుల నుంచే ఛప... ఛప. తూర్పు వైపు నుంచి ఏమీ లేదు.

టార్చి పట్టుకుని పరుగెత్తాం. తూర్పు చెరువులో ఏరియేటర్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. మోటార్ల స్టార్టర్ ట్రిప్ అయింది. టార్చి వెలుగులో నీళ్ల మీద ఎర్రటి చుక్కలు... వందలు... రొయ్యల కళ్లు. అన్నీ పైకి వచ్చేశాయి. శ్రీను స్టార్టర్ వేశాడు. పట్టలేదు. మళ్లీ వేశాడు. రెక్కలు ఒకసారి మూలిగాయి... తిరిగాయి. గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాం. ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే లోపలికి దిగిపోయాయి.

శ్రీను గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను. చొక్కా అంతా బురద. మా వంశంలో అలా బురదలో కూర్చుని నవ్వినవాణ్ణి నేనే మొదటివాణ్ణేమో.

గదికి వచ్చాం. నా మెషిన్ ఎందుకు పచ్చగా ఉందో తెలిసింది. పరీక్షలో నేను కుమ్మరించిన డేటాకు కొత్త డ్రైవర్ బిగుసుకుపోయింది. చివరిసారి వచ్చిన అంకెనే పట్టుకుని కూర్చుంది. అదొక లోపం. దాన్ని సరిచేయవచ్చు. సరిచేశాను.

రెండోదే... అర్థం కాలేదు.

ముత్తాతగారి మెషిన్ ఇంకా ఆగిపోయినట్టే చూపిస్తోంది. ఊరికే, అనుమానం తీర్చుకోవడానికి, నా ల్యాప్‌టాప్ నుంచి దాని చిరునామాకు ఒక పిలుపు పంపాను. ఉన్నావా అని అడగడమన్నమాట. మెషిన్ ఉంటే బదులొస్తుంది. లేకపోతే రాదు.

బదులొచ్చింది.

మళ్లీ పంపాను. బదులొచ్చింది. తాపీగా... ఒకే లయలో... ఒకదాని తర్వాత ఒకటి. లేచి వెళ్లి సర్వర్ వెనక నెట్‌వర్క్ తీగ పీకేశాను. తీగ నా చేతిలో ఉంది. చివర చూశాను. తళతళలాడుతోంది. ల్యాప్‌టాప్ తెర మీద ఇంకో బదులు... ఇంకొకటి...

"బాబుగారూ, మీరే ఏదోటి చెప్పండి ఆయనకి. నేను బయటివాణ్ణి" అన్నాడు శ్రీను తలుపు దగ్గర నుంచి.

నేను తీగ కింద పెట్టి తిన్నగా నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను. ఎందుకో నాకూ తెలియదు.

"చెరువు బాగానే ఉందండి. ఇక తమరు విశ్రాంతి తీసుకోండి" అన్నాను.

ఒక బదులు వచ్చింది.

తర్వాత రాలేదు.

రాజమండ్రిలో నా స్నేహితుడు, ఇదే పని చేసేవాడు, విని తేల్చేశాడు. "అదే చిరునామా ఇంకేదో పరికరానికి ఉండి ఉంటుంది. లేదా మర్యాద చేశావు చూడు, అది సరిగ్గా ఆగి ఉండదు." కావచ్చు. చెరువు దగ్గర ఉన్న ప్రతి పరికరాన్నీ వెతికాను. ఆ చిరునామా దేనికీ లేదు. ఆగకుండా ఉండి ఉంటే, తీగ లేకుండా ఎలా మాట్లాడింది? శ్రీను మాత్రం ఏ వాదానికీ రాడు. "ఆయనకి రొయ్యలంటే ఇష్టమై ఉంటదండి" అంటాడు.

తూర్పు చెరువు నిండుగా పట్టుబడి అయింది. సుబ్బరాజుగారు స్వయంగా ఒక బుట్ట రొయ్యలు మా ఇంటికి పంపారు. ఆ సర్వర్‌లోని డిస్కులు విప్పి, ఆ రాత్రి లోపల అసలేం జరిగిందో చూస్తానని ఆయనకు కబురు పెట్టాను. అప్పటికే ఆలస్యమైంది. చేతిలో డబ్బు ఆడగానే ఆయన కొత్త సర్వర్ తెచ్చుకున్నారు. పాతదాన్ని పాలకొల్లులో సెకండ్‌హ్యాండ్ షాపుకు అమ్మేశారు, డిస్కులతో సహా.