పూజ తుపాకిలో గుడ్డముక్క

మునివెంకటమ్మ పుట్టిల్లు హొసకోటె. పెద్దమనిషైన ఏడాదే పెళ్లి చేసి బెంగళూరు పోలీసు లైనుకు పంపించారు. అక్కడ భర్త చిక్కమునియప్పది ఆయుధాల కొట్టు చూసుకునే పని. పుట్టిన బిడ్డలు ఇద్దరూ ఒకే జ్వరంలో పోయారు. అత్త కూడా పోయాక ఊళ్లో దిక్కులేకుండా మిగిలిన మరిది గోపాలప్పను ఈమే తెచ్చుకుని పెంచింది. తన బిడ్డలకు పెట్టుకోవలసిన ముద్దలన్నీ వాడికే పెట్టింది. వాడూ పెరిగి పెద్దవాడై అదే లైనులో కానిస్టేబులయ్యాడు.

కొట్టు విషయంలో చిక్కమునియప్ప పట్టుదల అంతా ఇంతా కాదు. తుపాకులు గొలుసు వేసి ఒక గదిలో, తోటాలు వేరే గదిలో. తోటాల గది తాళంచెవి హవల్దారు దగ్గరే ఉండాలి, ఇచ్చినా తను పుచ్చుకునేవాడు కాదు. తుపాకి ఖాళీగా ఉందని ఎవరు ఒట్టు పెట్టినా నమ్మడు. దాన్ని మధ్యలో కీలు దగ్గర మడిచి, తోటా కూర్చునే చోట వేలు పెట్టి చూసి, గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి కన్ను ఆనించేవాడు. అవతలి వెలుతురు గుండ్రంగా కనిపించాలి.

"గొట్టంలో ఏమన్నా అడ్డముంటే గుండు ముందుకు పోదు. గొట్టమే పగిలి కాల్చినోని మొగం లేచిపోతాది" అనేవాడు.

ఆ కళ్లకే పొర కమ్మింది. మొదట చెంబులో పోయబోయిన నీళ్లు పక్కన పోశాడు. తర్వాత ఒకనాడు పొయ్యి దగ్గరకొచ్చి కూర్చుని మెల్లగా చెప్పాడు.

"ఎవురికీ చెప్పొద్దమ్మీ. డాక్టరు చూసినాడంటే పని పోతాది, ఇల్లు పోతాది. అలవాటైన చేతులు, ఎట్లో నడిచిపోతాది."

ఆమె చెప్పలేదు. చెప్పి ఎక్కడికి పోతారు?

అది నలభై రెండో సంవత్సరం దసరా. ఆగస్టు నుంచి ఊళ్లో గొడవలే. అయినా లైనులో ఆయుధపూజ ఆగలేదు. తుపాకులను గోడకు వరసగా ఆనించి, గంధం పూసి, బొట్లు పెట్టి, ఆడవాళ్లంతా అక్షతలు చల్లుతారు. కుంకుమా బియ్యమూ గొట్టాల్లో పడకుండా మునివెంకటమ్మ ఏటా పాత చీర చింపి వాటి నోళ్లకు కుక్కేది. తీయడానికి వీలుగా కొంగు బయటికి వదిలేది. ఆ ఏడు చివరి తుపాకికి ఎర్రంచు ముక్క చిన్నది మిగిలింది. బొటనవేలితో నొక్కితే మొత్తం లోపలికి పోయింది. పొద్దున ఆయనకు చెబుదాంలే అనుకుంది. గుమ్మడికాయ కొట్టడం, ప్రసాదాలు పంచడం, ఆ సందట్లో మరిచిపోయింది.

తెల్లవారగానే ఈలలు మోగాయి. మిల్లు కూలీలు గుంపుగా పేట వైపు వస్తున్నారట. చిక్కమునియప్ప గుడ్డలు లాగి, ఒక్కొక్క తుపాకే పైకెత్తి చూసి, వరసలో నిలబడిన వాళ్లకు ఇచ్చి పంపాడు. గుడ్డల మూట ఇంటికి తెచ్చి పడేశాడు. ఉతుకుదామని ఆమె విప్పింది.

"ఇదో, ఎర్రంచు ముక్క యాడ?"

"ఏ ముక్క?"

"చిన్నది. లోపలికి పోయింటాది. చూసిచ్చినావు గదా?"

"చూసినాను. అన్నీ తెల్లగా కనపడె."

"నీకు గోడ గూడా తెల్లగానే గదప్పా కనపడేది."

అతను గోడకు చేరగిలి కూర్చుండిపోయాడు. ఆమె లేవబోతే అన్నాడు: "పోవద్దు. ఊరికే బెదిరించి వచ్చేస్తారు, కాల్చరు. సాయంత్రం తీసేస్తాను."

"కాల్చమంటే? గోపాలుడు ఉండాడు ఆ వరసలో."

"వాని చేతికే పోయిందని ఏముంది?"

"ఎవురి చేతికి పోయినా, వానికీ ఒక తల్లి ఉంటాది."

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. పేట మలుపులో పోలీసులు వరస కట్టి ఉన్నారు. వీధి ఆ కొసన జనం అరుపులు.

"గోపాలా, మీ వదిన బువ్వ తెచ్చింది చూడు" అని ఒకడు నవ్వాడు.

హవల్దారు వెంకటగిరియప్ప అడ్డమొచ్చాడు. "పండగ చూసేకి వచ్చినావేమమ్మా? నడువు."

"అన్నా, ఒక తుపాకిలో గుడ్డ ఉండాది. నేనే కుక్కినాను."

"మీ ఆయప్ప చూసే కదా ఇచ్చినాడు?"

వరసలో వాళ్లంతా వింటున్నారు.

"ఆయనకు కండ్లు కనపడవన్నా. ఏడాదయింది."

హవల్దారు ముఖం మారిపోయింది. అందరి చేతా తోటాలు తీయించి, తుపాకులు మడిపించి, తనే ఒక్కొక్కటీ చూశాడు. గోపాలప్ప తుపాకిలో వెలుతురు లేదు. పక్క అంగడిలో గొడుగు కడ్డీ అడిగి తెచ్చి పొడిస్తే ఎర్రంచు ముక్క ఉండ కట్టి కింద పడింది.

"వదినా" అన్నాడు గోపాలప్ప.

"ఇంక ఈడ నిలబడొద్దు. పో తల్లీ" అన్నాడు హవల్దారు.

పని పోయింది, ఇల్లు పోయింది, వాడైతే మిగిలాడు. అలా తనకు తానే చెప్పుకుంటూ రెండు వీధులు దాటింది. అప్పుడు వెనక తుపాకులు పేలాయి.

సాయంత్రం గోపాలప్ప వచ్చి గడపలోనే కూర్చున్నాడు. మగ్గాల వీధి పిల్లవాడొకడు చచ్చిపోయాడని చెప్పాడు. ఆమె సంగటి ముద్ద పెట్టింది. వాడు ముట్టలేదు.

"నీ తుపాకిదేనా?" అని అడిగింది.

"ఎట్ల చెప్పేది వదినా. అందరమూ ఒకేసారి కాల్చినాము. నాది బాగా పేలింది." కాస్త ఆగి, "ఆ గుడ్డ అట్లే ఉండింటే ఆ పిల్లోడు" అని మొదలుపెట్టాడు. ఆమె వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

దీపావళి లోపలే చిక్కమునియప్పను పనిలోంచి తీసేశారు. అతను భార్యను ఒక్క మాటా అనలేదు, ఆమెతో మాట్లాడనూ లేదు. గోపాలప్ప కూడా పోలీసు ఉడుపులు వాపసు ఇచ్చేశాడు. ముగ్గురూ హొసకోటెకు పోవడానికి సామాను కట్టుకున్నారు.

బయలుదేరే రోజు పొద్దున్నే మునివెంకటమ్మ మగ్గాల వీధికి పోయింది. అడిగి అడిగి ఆ పిల్లవాడి ఇల్లు కనుక్కుంది. లోపల మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. గడపలో ఒకామె కూర్చుని ఉంది.

"ఎవురమ్మా? అట్ల నిలబడినావు, నీళ్లు కావల్నా?"

మునివెంకటమ్మ తల ఊపింది. ఆమె లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"నీకు బిడ్డలెంతమంది?"

"ఒకడుండాడు."

"చల్లగా ఉండనీ" అన్నది ఆ తల్లి.

మునివెంకటమ్మ నీళ్లన్నీ తాగింది. చెంబు గడప మీద పెట్టింది. చెప్పాలని వచ్చిన ఆ గుడ్డ మాట చెప్పకుండానే ఆ వీధి దాటింది.