ఎనిమిదికి పదమూడు చుక్కలు

మా తోడల్లుడు జీవితంలో ఒక్క గీత గీసిన పాపాన పోలేదు. ఆయనకు తెలిసిందల్లా చుక్క. అక్షరాలు, అంకెలు, ఇంటికి దారి, ఆఖరికి సంతకం, ఏదైనా సరే చుక్కలు పెట్టి వదిలేస్తాడు. కలుపుకునే బాధ్యత మనది. ఇలాంటి మనిషికి పని ఎవరిస్తారని మీరడగవచ్చు. మా అత్తగారు ఇచ్చారు. పని ఇవ్వడమే కాదు, పెద్ద కూతుర్ని కూడా ఇచ్చారు.

మా అత్తగారిది లైటు బోర్డుల షాపు. దుకాణాల ముందు, ఆసుపత్రుల్లో, బస్సుల నెత్తిన ఎర్రగా వెలిగే అక్షరాలు ఉంటాయే, అవి. మామగారు పోయాక షాపును ఆవిడే నడుపుతున్నారు. అల్లుళ్ళిద్దరం అక్కడే అక్షరాలు తయారుచేస్తాం. నేను నాలుగేళ్ళు బొమ్మలు గీయడం చదువుకుని, పతకం పట్టుకుని వచ్చినవాణ్ని. ఆయన ఒక ఆటబొమ్మల దుకాణంలో పనిచేస్తూ, చిల్లుల పలకలో రంగు పుల్లలు గుచ్చే పిల్లల ఆటతో దుకాణం పేరు గుచ్చి అత్తగారి కంట్లో పడ్డవాడు. అయినా షాపులో ఎవరికి ఏ సందేహం వచ్చినా "చుక్కలరాయుడు గారిని అడగండి" అంటారు. నాకు మారుపేరు కూడా ఎవరూ పెట్టలేదు. దానిక్కూడా నాకు అసూయే.

ఒకసారి అందరం భోజనానికి కూర్చున్నాం. అత్తగారు బఠాణీలు వడ్డించారు. ఆయన వాటిని ఒక్కొక్కటే జరిపి కంచంలో ముచ్చటగా ఒక 'అ' నిలబెట్టాడు. ఇల్లంతా లేచి వచ్చి చూసింది. వదినగారు ఫొటో తీశారు. నేనూరుకుంటానా? నా కంచంలో పెరుగుతో ఎంతో సొగసైన 'క' రాశాను. అంత ఒంపు తిరిగిన 'క' నేను పరీక్షల్లో కూడా రాయలేదు.

"తిండితో ఆటలేంటండీ, చిన్నపిల్లాడిలా!" అంది నా భార్య.

టీ దుకాణంలోనూ ఇదే తంతు. డబ్బులు కట్టడానికి గోడకు నలుచదరం కోడ్ అంటిస్తారు కదా, దాని ముందు ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోతాడు. "తమ్ముడూ, ఈ మూలన 'ఒ' దాక్కుంది, కనిపించిందా?" అంటాడు. వెనక పదిమంది. అయినా దుకాణదారు కసురుకోడు. "సారు చూసుకోనివ్వండి" అని ఆయన టీ మీద మూత కూడా పెడతాడు. అదే కోడ్ ముందు నా ఫోను ఒక్క నిమిషం మొరాయిస్తే "కాస్త పక్కకి జరగండి" అన్నాడు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఆయన బొటనవేలు. మనం ఎంత కష్టపడి ఏ అక్షరం చేసి చూపించినా, దాని మీద బొటనవేలు పెట్టి ఒక చుక్క మూసేస్తాడు.

"ఈ చుక్క చచ్చిపోతే?" అంటాడు.

"ఎందుకు చచ్చిపోతుందండీ?"

"బల్బు కదా తమ్ముడూ. ఎప్పుడో ఒకప్పుడు పోతుంది."

బోర్డులతో ఆగినా బాగుండేది. నా కొత్త చొక్కా మీద కూడా బొటనవేలు పెట్టి "ఈ గుండీ ఊడిపోతే?" అన్నాడు. సాయంత్రానికల్లా అదే గుండీ ఊడిపోయింది. ఆయన నోరు మంచిది కాదని నా భార్యతో అన్నాను. "నోరు కాదు, కుట్టు మంచిది కాదు" అంది. నా సొంత మనిషి కూడా ఆ పక్షమే.

ఇలా నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుంటూ ఉండగా బస్సుల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో బస్సులన్నిటికీ కొత్త నంబరు బోర్డులు పెడతారట. వాటికి కొత్త అంకెలు కావాలట. ఒక్కో షాపు ఒక్క నమూనాయే పంపాలి. అంటే మా ఇద్దరిలో ఒకడివే వెళతాయి. ఊరంతా పొద్దున్న లేస్తే చూసే అంకెలు! ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఇవి చిన్నల్లుడుగారి అంకెలు" అని అత్తగారు నలుగురిలో అనాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది.

పది రోజులు కూర్చుని చేశాను. మూడు చుక్కల వెడల్పు, ఐదు చుక్కల ఎత్తు. సన్నగా, నాజూగ్గా ఉంటాయి. ఎనిమిదికి పదమూడు చుక్కలంటే పదమూడే, ఒక్కటి కూడా దండగ లేదు. ఆయన ఎనిమిది చూడండి, ఒక చుక్క చాలినచోట రెండు, రెండు చాలినచోట నాలుగు. మొత్తం నలభై చుక్కలు మింగి, విందు భోజనం చేసి నడుం వాల్చినట్టు ఉంది.

అత్తగారు రెండూ ముందు పెట్టుకుని చాలాసేపు చూశారు. "చిన్నల్లుడుగారివి చాలా అందంగా ఉన్నాయి బాబూ. పెద్దల్లుడుగారివి..." అని ఆగి, "పెద్దల్లుడుగారిది పెద్ద మనసు" అన్నారు.

"మనసు సంగతి కాదండీ, అంకెల సంగతి చెప్పండి" అన్నాను.

ఈలోగా ఆ బొటనవేలు రానే వచ్చింది. నా ఎనిమిది నడుం మీద పెట్టి "ఇది చచ్చిపోతే సున్నా" అన్నాడు. కుడివైపు పైకి జరిపి "ఇది పోతే ఆరు" అన్నాడు. ఎడమవైపు కిందికి జరిపి "ఇది పోతే తొమ్మిది. బస్సెక్కేవాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోతారు తమ్ముడూ" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పెద్దాసుపత్రిలో చీటీల నంబర్లు చూపించే బోర్డు ఎవరిది? నాది. ఇవే అంకెలు. ఐదేళ్ళుగా వెలుగుతున్నాయి. ఒక్క ఫిర్యాదు వచ్చిందా? వచ్చిందా అండీ?"

అత్తగారు పెద్దల్లుడి వైపు చూశారు. ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"పదండి, ఇప్పుడే వెళ్ళి కళ్ళారా చూద్దాం" అన్నాను.

"వద్దులే తమ్ముడూ. అక్కడ జనం ఎక్కువుంటారు" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. చుక్కలరాయుడు తోక ముడిచాడనుకున్నాను. పట్టరాని సంతోషంతో ఇద్దర్నీ షాపు వ్యానులో ఎక్కించాను.

ఆసుపత్రి హాల్లో ఇనప కుర్చీల వరసలు, వాటి నిండా జనం. కౌంటరు పైన నా బోర్డు. సరిగ్గా అప్పుడే ఎనభై ఎనిమిది వెలిగింది. ఇరవయ్యారు చుక్కలూ ఉన్నాయి, వేలెత్తి చూపడానికి లేదు. నేను ఛాతీ విరుచుకుని "చూశారా?" అన్నాను.

కౌంటర్లో చీటీలిచ్చే ఆవిడ మమ్మల్ని చూసి గబగబా బయటికి వచ్చింది. నా పక్కనుంచే దాటుకుని వెళ్ళి మా తోడల్లుడి ముందు నిలబడింది.

"ఇవాళ ఆదివారం కాదు కదా సార్! నిచ్చెన తెప్పించమంటారా?"

ఆయన వద్దు వద్దని చేతులూపాడు. ఆవిడ ఆగలేదు. "ఈయనెవరు సార్?"

ఇంక దాచలేక, "ఆ అంకెలు గీసింది ఈయనేనమ్మా" అన్నాడు.

"ఓ, ఆ తమ్ముడుగారు మీరేనా!" అని ఆవిడ నాకు దణ్ణం పెట్టింది. "మీలాంటి పనివాళ్ళని ఎక్కడా చూడలేదండీ. ఐదేళ్ళుగా ప్రతి ఆదివారం సారుని పంపించి, చచ్చిన బల్బులు మార్పిస్తూనే ఉన్నారు. 'మా తమ్ముడు మహా జాగ్రత్త మనిషి, ఒక్క చుక్క పోయినా నిద్రపోడు' అంటారు ఈ సారు."

నేను ఐదేళ్ళుగా హాయిగా నిద్రపోతూనే ఉన్నాను.

"కొత్తలో ఒకాయన ఎనభై ఎనిమిదో చీటీ పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడండీ" అని ఆవిడ చెప్పుకుపోయింది. "రెండో ఎనిమిదిలో నడిమి బల్బు పోయి బోర్డు మీద 'ఎనభై' అనే రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వెళ్ళిన ఎనభయ్యో నంబరాయనే మళ్ళీ వెళ్ళి, రెండోసారి కూడా చూపించుకుని వచ్చాడు."

నేను అత్తగారి వైపు తిరిగాను.

"ఆ రోజు నా కళ్ళ పరీక్షకే వచ్చాం బాబూ" అన్నారు ఆవిడ. "మీ అన్నయ్యా నేనూ ఇక్కడే కూర్చుని చూశాం. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

తల కొట్టేసినట్టయింది. గొయ్యి తీసిందీ నేనే, వ్యాను కట్టించుకుని వచ్చి మరీ పడిందీ నేనే. బయటికి వచ్చాక అడిగాను. "ఎందుకు చెప్పలేదు అన్నయ్యా?"

"ఆ బోర్డులో ఐదు వరసలే ఉన్నాయి తమ్ముడూ, నా లావు అంకెలు పట్టవు. నీకు చెబితే ఇంక పెన్సిలు ముట్టవు. వారానికో గంట పని, దానికోసం అంత మంచి చెయ్యి పాడవడం ఎందుకు?"

"మీరంటే నాకు అసూయ అన్నయ్యా. మామూలుగా కాదు, కడుపులో మంట."

ఆయన నవ్వాడు. "నాకు మాత్రం లేదనుకున్నావా? పెరుగుతో నువ్వు రాసిన ఆ 'క' ఉందే, దాన్ని చుక్కల్లో పెట్టాలని మూడు నెలలు ప్రయత్నించాను. రాలేదు."

ఆయన అంకెలే పంపుదామని అత్తగారికి నేనే చెప్పాను. కవరు మీద చిరునామా కూడా నా చేత్తోనే, ఉన్న సొగసంతా ఒలకబోసి రాశాను. ఇప్పుడు ఊళ్ళో బస్సులన్నీ ఆ బొద్దు అంకెలు నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాయి. నాలుగు బల్బులు పోయినా ఎనిమిది ఎనిమిదిలాగే కనిపిస్తుంది. చూడ్డానికి మాత్రం బాగుండదు, ఆ మాట నేను చచ్చేదాకా అంటాను.

ఆదివారాలు ఆసుపత్రికి ఇప్పుడు నేను వెళుతున్నాను. తోడొస్తానని ఆయన బతిమాలాడు గానీ నేను రానివ్వలేదు. ఒక్కచోటైనా నా పేరు నేను సంపాదించుకోవాలి కదా. మొదటి ఆదివారం నిచ్చెనెక్కి, చచ్చిన బల్బు పీకి, కొత్తది పెట్టి సోల్డరింగ్ చేస్తున్నాను. కింద కౌంటరు ఆవిడ నిచ్చెన పట్టుకుని నిలబడింది.

"పెద్దసారు రాలేదాండీ? ఆయనైతే ఎంచక్కా నవ్వుతూ ఎక్కేవారు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నిచ్చెన దిగి, ఒక నవ్వు నవ్వి, మళ్ళీ ఎక్కాను.