తూము లేని స్నానాల గది

కెనడాలో, మిల్టన్‌లో మా అబ్బాయి కొన్న ఇంట్లో స్నానాల గదికి తూము లేదు. నీళ్లు పారేలా నేలకు వాటమూ లేదు. స్నానం చేయాలంటే తొట్టి గట్టు దాటి లోపలికి దిగాలి. మోకాళ్లు అరిగిపోయిన మా ఆవిడ ఆ గట్టు దాటలేక, బయటే పీట వేసుకుని, అలవాటుగా చెంబుతో నీళ్లు పోసుకుంది. కింద హాలు కప్పు కూలి సోఫాలు తేలాయి. కూలలేదు లెండి, అరచేయంత మరక పడింది. మా అబ్బాయి మొహం చూస్తే మాత్రం కూలిందనే అనుకుంటారు.

"ఇక్కడ బాత్రూమ్ ఫ్లోర్ మీద నీళ్లు పోయకూడదమ్మా," అన్నాడు.

ఆనాటి నుంచి ఆవిడకు స్నానం లేదు, తడిగుడ్డతో తుడుచుకోవడమే.

ఆ వేసవిలో అందరం ఇంగ్లండు వెళ్లి రోమన్ సైనికుల కోట శిథిలాలు చూశాం. ఊళ్లకు మంచినీళ్లిచ్చే శాఖలో ఇంజనీరుగా రిటైరైనవాణ్ని, గోడలు నాకెందుకు? వాళ్ల నీళ్ల ఏర్పాటే చూశాను. కప్పుల మీది వాన నీళ్లను రాతి తొట్లలోకి పట్టారు. రాళ్ల అతుకుల్లో సీసం పోశారు. ఆ నీళ్లే పల్లపు మూలనున్న మరుగుదొడ్డిని కడుగుతూ గోడ కింది తూములోంచి బయటికి పోయేవి. నేను అక్కడ నిలబడి ఇచ్చిన ఉపన్యాసానికి గైడు చేతులు జోడించాడు. నిజానికి, రాళ్ల మీద నుంచి దిగమన్నాడు.

దిగాను. ఒళ్లు మండిపోయింది. జీతానికొచ్చిన ఎవడో సిపాయికి ఆ రోజుల్లోనే తూము ఉంది. మా ఆవిడకు లేదు.

ఇంటికి రాగానే అన్నాను: "ఆ తొట్టి పీకించి నేలకు వాటం పెట్టించరా."

"రీసేల్ వాల్యూ పోతుంది నాన్నా. బయ్యర్స్ టబ్ అడుగుతారు."

"ఎప్పుడో వచ్చే బయ్యర్‌కి స్నానం, మీ అమ్మకి తడిగుడ్డా?"

"ఎందుకండీ గొడవ, నాకు సరిపోతోందిగా," అంది ఆవిడ. వాడి మీదకన్నా ఆవిడ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

వాడు ఆఫీసు పని మీద విన్నిపెగ్ వెళ్లిన వారం ప్లంబర్‌ను పిలిచి తొట్టి పీకించాను, నేలకు వాటం, తూము పెట్టించాను. కోడలు చూసీ చూడనట్టు ఊరుకుంది. తొట్టిని ఒంటిచేత్తో బయటికి మోసుకెళ్లాను. ఇద్దరు మనుషులు మోశారు, నేను తలుపు పట్టుకున్నాను.

వాకిట్లో బోర్లించిన తొట్టిని దాటుకుని మా అబ్బాయి లోపలికొచ్చాడు. నోరు తెరవబోతుంటే మేడ మీద చెంబు చప్పుడు వినిపించింది. ఆవిడ నీళ్లు పోసుకుంటోంది, తీరిగ్గా. వాడు కప్పు వైపు చూశాడు. ఒక్క చుక్కా రాలేదు. బ్యాగు పక్కన పెట్టి మెట్ల మీద కూర్చున్నాడు.

నేను కూర్చోలేదు. నా కోపం ఇంకా తగ్గలేదు.