కాయని తీగ

కామారెడ్డిలో డాబా మీద తోటలు పెంచేవాళ్లం చాలామందిమే ఉన్నాం. మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున లేస్తే అందులో వంకాయల ఫోటోలు, మధ్యాహ్నం పేనుబంక మీద ఏడుపులు, సాయంత్రం జీవామృతం మీద కొట్లాటలు. నేను ఎక్కువగా మాట్లాడను. మాట్లాడితే గొడవ అవుతుందని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు.

ఆదివారాలు మాత్రం ఊరి బయటున్న బొటానికల్ గార్డెన్‌కు పోయి చేతనైన పని చేస్తాను. గులాబీల వైపు జనం ఎక్కువ, సెల్ఫీలు ఎక్కువ. నా పని వెనక మూలన. చుట్టుపక్కల అడవుల్లో తగ్గిపోతున్న మొక్కలను తెచ్చి కాపాడే మడులు అక్కడున్నాయి. అటు ఎవరూ రారు. దారి తప్పి వచ్చినా "గీ పిచ్చి మొక్కలకు నీళ్లు పోస్తున్నరేంది?" అని అడిగి పోతారు.

ఆ మడుల్లో పోచారం అడవి అంచు నుంచి తెచ్చిన బోడకాకర ఉంది. వానలు పడగానే భూమిలోని గడ్డ నుంచి తీగ లేచి పందిరెక్కుతుంది. బజార్లో బోడకాకర ధర మటన్‌తో పోటీ పడే మాట నిజమే, కానీ అవి ఎక్కడెక్కడి నుంచో వచ్చే పెద్ద కాయలు. మన అడవి రకం చిన్నది, గుండ్రంగా ఉంటుంది, వేపితే గింజలు కరకరలాడతాయి.

మా పందిరి మీద ఏటా పూలే తప్ప కాయ లేదు. బోడకాకరలో ఆడతీగ వేరు, మగతీగ వేరు. ఆడపూవు కింద ముళ్ల పిందె ముందే ఉంటుంది. మగపూవు పుప్పొడి తగిలితేనే అది ఊరుతుంది, లేకపోతే పసుపు తిరిగి రాలిపోతుంది. మావన్నీ ఆడతీగలే. "ఈ వానాకాలం కూడా గింజ పట్టకపోతే ఈ గడ్డలే మిగులుతాయి. అవి కుళ్లాయంటే మన దగ్గర ఈ రకం ఇక లేనట్టే" అంది గార్డెన్ చూసుకునే మేడం. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. అందుకే నాకు భయమేసింది.

మగతీగ ఎవరి దగ్గరైనా ఉందా అని గ్రూపులో అడిగాను. భిక్నూర్ దాకా అందరిదీ ఒకటే జవాబు. కాయని తీగను పీకేశారట. మావైపు అలవాటే అది. పూత మొదలైన రోజుల్లో పందిరి చుట్టూ తిరిగి, పిందె కనపడనిదాన్ని గొడ్డుతీగ అని గడ్డతో సహా లాగేస్తారు. ఒకప్పుడు అలా చేసినా నడిచింది, కంచెలో ఎక్కడో ఓ మగతీగ దాక్కుని ఉండేది. ఇప్పుడు కంచెలు పోయి సిమెంటు గోడలొచ్చాయి, కాపు తగ్గింది. తగ్గిందని పందిళ్లకు దిష్టి చెప్పులు కట్టారు. పీకేది వీళ్లు, చెడ్డ కళ్లు మాత్రం పక్కింటామెవట. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

అప్పుడు ఎల్లారెడ్డిలో ఉండే మా చిన్నమ్మ గుర్తొచ్చింది. అమ్మ చెల్లెలు. ఆమెకు పిల్లలు కాలేదు. ఆ ఇంట్లో బిడ్డను తొట్టెలలో వేసే రోజు చిన్నమ్మ చేతికివ్వరు. చేలో మొదటి విత్తనం పెట్టేనాడు ఆమెను వంటింటికే పంపుతారు. ఇదంతా ఎవరూ అరిచి చెయ్యరు, నవ్వు మొహాలతో, మర్యాదగానే చేస్తారు. ఆమె యారాలు, అంటే మరిది భార్య, పక్క వాటాలో ఉంటుంది. రెండు పెరళ్లకూ మధ్య గోడ ఒక్కటే. యారాలి పందిరికి ఏటా గంపెడు బోడకాకర. చిన్నమ్మ పందిరికి పసుపు పూలు, అంతే.

బస్సెక్కి పోయాను. తీగ ఉంది. పూలను తిప్పి వెనక చూశాను. పిందె లేదు, సన్నటి కాడ మాత్రమే. ఎగిరి గంతేయాలనిపించింది.

"దీన్నెందుకు పీకలె చిన్నమ్మా?" అన్నాను.

"పీకుమని మా యారాలు ఏటా చెప్తది. గందుకే పీకలె" అన్నది. జారిన తీగను పందిరి మీదికి ఎగదోస్తూ, "కాయకుంటె ఏంది బిడ్డా, పూస్తది గద" అన్నది.

ఇది మగతీగ అని, గోడవతల కాసే కాయలన్నీ దీని చలవేనని చెప్పాను. ఆమె నమ్మలేదు. నన్ను సంబరపెట్టడానికి చెప్తున్నావంది.

వానాకాలంలో గడ్డను కదిపితే తీగ చస్తుంది. గడ్డ సంగతి ఎండాకాలంలో చూసుకోవచ్చు, ఈ ఏటికి పూలతోనే పని కావాలి. అవి పొద్దుగూకే వేళకు విచ్చుకుంటాయి. విచ్చుకోబోయే మొగ్గలను టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ మీద పరిచి, చిన్నమ్మ తానే ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. "ఆడోళ్లకు ఫిరీ. మరి మగపూలకు టికెట్ కొడతవా?" అని కండక్టర్‌ను ఆట పట్టించింది. నేను చెప్పింది నమ్మని మనిషి!

గార్డెన్ చేరేసరికి మా ఆడపూలు విచ్చుకుంటున్నాయి. చెయ్యాల్సింది చిన్న పనే. మగపూవు రేకులు తుంచేసి, నడుమనున్న పుప్పొడిని ఆడపూవుకు మెల్లగా తాకించాలి. మేడం ఒకటి చేసి చూపించి, డబ్బా చిన్నమ్మ ముందు పెట్టింది. "మీ పూలు కదమ్మా, మిగతావి మీరే పెట్టండి."

చిన్నమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. శుభ్రంగా ఉన్న చేతులనే కొంగుకు తుడుచుకుంది.

"నేను ముట్టుకోవద్దు మేడం. నా చెయ్యి తాకి పట్టకపోతే?"

మేడంకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది, చిన్నమ్మ మీద కాదు. ఓదార్చడం నాకు చేతకాదు. "పూలు వాడిపోతున్నయి. పెడితే పెట్టు, లేకుంటే బస్సుకు పోదాం పా" అన్నాను.

నన్ను గుర్రుగా చూసి ఒక పూవు తీసింది. మొదటిది పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత మమ్మల్ని దగ్గరికే రానివ్వలేదు. పెట్టిన ప్రతి పూవు కాడకూ గుర్తుగా నూలుదారం కట్టాలి. ఆ దారాలూ ఆమే కట్టింది, అదీ ఎంత గట్టిగానంటే, కాడ కోసుకుపోతుందని మేడం వెనకాలే సడలించుకుంటూ వచ్చింది.

మరుసటి ఆదివారం పోయి చూశాను. కొన్ని రాలిపోయాయి, అది మామూలే. మిగిలిన చోట్ల దారం కింద ముళ్ల కాయలు ఊరుతున్నాయి. పందిరి కిందే నిలబడి ఫోన్ చేశాను.

"కాయలు పట్టినయి చిన్నమ్మా. నువ్వు పెట్టినయే."

చిన్నమ్మ ముక్కు చీదుకుంది. తర్వాత చెప్పులేసుకున్న చప్పుడు, గేటు తీసిన చప్పుడు.

"ఏమైంది చిన్నమ్మా?"

"ఆగు. మా యారాలికి ఫోనిస్తున్న. గా మాట ఆమెకు చెప్పు."