హార్డ్ డిస్కుకు పెట్టిన బొట్టు
మా గురువుగారు నేర్పిన నూట పన్నెండు కీర్తనలకు నేను రాసుకున్న స్వరాల పుస్తకాలు హుద్‌హుద్ తుఫానులో తడిసి ముద్దయిపోయాయి. ఇక మిగిలింది అరచేతిలో పట్టే హార్డ్ డిస్కులో ఉన్న నకలు ఒక్కటే. విజయనగరంలో డీటీపీ చేసే ఒకావిడ చాలా ఏళ్ల కిందట వాటిని టైపు చేసి ఇచ్చింది. భోగాపురం వైపు సముద్రం మీద బతికే ఇంటి ఆడపడుచు. సంగీతం రాదు.

2015లో, దసరాకు ముందు, పుస్తకం అచ్చు వేయిద్దామని డిస్కును మా వీధిలోని కొత్త షాపుకు తీసుకెళ్లాను. పాత ఫాంటును కొత్తదానిలోకి మారిస్తే అక్షరాలు వచ్చాయి, చుక్కలు రాలేదు. పై స్థాయి స్వరానికి తలమీద, కింది స్థాయికి అడుగున చుక్క ఉండాలి. అవి లేని కాగితం పాడేవాళ్లకు పనికిరాదు. రోజుకొకటి చొప్పున నేనే గుర్తుచేసుకుని పెట్టాలంటే మూడు నెలల ఇరవై రెండు రోజులు. డెబ్బై నాలుగేళ్ల జ్ఞాపకాన్ని అంత నమ్మలేను.

దసరా వెళ్లాక ఆవిడ దగ్గరికే వెళ్లాను. తన పాత కంప్యూటరు పాడవకముందే దాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాని లోపల పెట్టుకుంది. వర్చువల్ మెషిన్ అంటారట. తెరమీద ఒక కిటికీ తెరిస్తే అందులో పాత కంప్యూటరు, పాత ఫాంట్లతో సహా!

డిస్కు తగిలించింది. కొత్త కంప్యూటరులో కనిపించింది, లోపలి పాతదానిలో కనిపించలేదు.

“ఒకటే తాళం, రెండు వాటాలనుకోండి టీచరమ్మా. బయటోలు వదిలితేనే లోపలోలకి అందుతాది.”

“వీళ్లు వదిలాక వాళ్లు అందుకోకపోతే?”

“పాఠం సెప్పినప్పుడు పిల్లల్ని ఇన్ని ప్రశ్నలు అడగనిచ్చీవారా మీరు?”

డిస్కును లోపలికి వదలడానికి తెరమీది జాబితాలో దాని పేరు పక్కన టిక్కు పెట్టింది. లోపల ఒక్క క్షణం కనిపించి మాయమైంది. మళ్లీ పెట్టింది, మళ్లీ మాయం. మూడోసారి తెర ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది.

“అడుగుతోంది కదా, సరే అను,” అంటూ వేలు చాపాను.

“సెయ్యి తియ్యండి! సరే అంటే మొత్తం తుడిసేస్తాది.”

వేలు వెనక్కి తీసుకున్నాను. ఆవిడ మాత్రం కంగారు లేకుండా వద్దని నొక్కి, పద్ధతిగా డిస్కును విడిపించి, వైరు తీసి, గుమ్మం వెలుగులో తిప్పి చూసింది.

“ఏటిది? దీనికీ బొట్టెట్టీసినారేటి?”

“సరస్వతీ పూజలో తంబురా పక్కన పెట్టాను. మా ఇంట్లో విద్యకు సంబంధించింది ఏదీ ఆ రోజు బొట్టు లేకుండా ఉండదు.”

“బొట్టు నుదుటికెట్టాల గానీ నోట్లో పోసీసినారు.”

వైరు దూర్చే సందులో కుంకుమ! నేను కొంగు తడపబోతే వద్దని, పొడి బ్రష్షుతో రేణువు రేణువూ రాల్చింది. అంత నిదానం నేను మంచి వైణికుల వేళ్లలోనే చూశాను. వైరు కూడా మార్చింది. ఈసారి లోపల కనిపించిన డిస్కు నిలిచింది. అయినా ఒక్క ఫైలూ తెరవలేదు. ముందు మొత్తానికి నకలు తీసింది. గోడ గడియారంలో నలభై నిమిషాలు.

లెక్కపెట్టాను. నూట పన్నెండూ ఉన్నాయి. చివరిది తెరిపించి, కళ్లు మూసుకుని స్వరం పాడుతూ, చుక్కలు సరిచూడమన్నాను. ఆవిడ తెరమీద వేలు జరుపుతూ ఒకచోట ఆపింది.

“ఇక్కడ సుక్క పైన ఉన్నాది టీచరమ్మా. మీ గొంతు కిందకి దిగిపోనాది.”

కళ్లు తెరిచి చూశాను. చుక్క సరిగానే ఉంది. గురువుగారు అక్కడ పైకే వెళ్లేవారు. మరిచిపోయింది నేను.

ఇంటికొచ్చి తేదీ వేసి రాసుకున్నాను: తప్పు ఒకటి, నాది. పట్టుకున్నది ఆవిడ.