నాలుగో ప్రశ్న

ల్యాబ్‌లో అందరూ ఆమెను చుట్టాలక్క అంటారు. ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టి అయిదు నిమిషాలు మాట్లాడనిస్తే చాలు, వాళ్ల మేనత్త తోడికోడలి దాకా వెళ్లి వస్తుంది. కొందరికి అదొక జబ్బు, ఆమెకు మాత్రం ఉద్యోగం. చిన్నతనంలోనే షుగరు వచ్చి ఇన్సులిన్ సూదికి అలవాటుపడ్డ పిల్లలున్న ఇళ్లకు వెళ్లి, తోబుట్టువుల రక్తం తీయించి, కుటుంబపటం గీసి తేవాలి. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, జబ్బు ఉంటే లోపల నలుపు. తొమ్మిదేళ్లలో రెండు వందల పన్నెండు ఇళ్లు తిరిగింది. ఒక్క పటంలోనూ తప్పు రాలేదని అడిగినవాళ్లకూ చెప్పేది, అడగనివాళ్లకూ చెప్పేది.

ఈ పరిశోధన నడిపే సైంటిస్టును అందరూ మేడమ్ అంటారు. చుట్టాలక్క కంటే పదేళ్లు చిన్నది. ఆమెకూ చిన్నప్పటి నుంచి ఇదే జబ్బు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే తిరగబడి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను పాడుచేస్తాయి. కంచే చేను మేయడమంటే ఇదేనని మేడమ్ తన మీద తానే జోకు వేసుకుని, అందరి ముందూ పొట్టలో సూది పొడుచుకుని, మాట ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టేది.

ఆ సోమవారం మీటింగులో మేడమ్ కుర్చీలో కూర్చోలేకపోయింది. సంతోషం పట్టలేక బోర్డు ముందు అటూ ఇటూ తిరుగుతోంది.

"ఆరో క్రోమోజోమ్ మీద ఒక చోటుంది. అక్కడ అమ్మ దగ్గర రెండు పేకముక్కలు, నాన్న దగ్గర రెండు ఉన్నాయనుకోండి. ప్రతి బిడ్డకీ ఇద్దరూ చెరొకటి ఇస్తారు. తోబుట్టువులిద్దరికీ ఈ జబ్బు వస్తే, దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇద్దరి చేతుల్లో ఒక్క ముక్కయినా కలుస్తుంది. మన దగ్గర పదకొండు ఇళ్లలో ఒక్కటీ కలవలేదు. అంటే అక్కడ జబ్బు వేరే దారిన వస్తోంది. ఆ దారి కనిపెట్టాలి."

ఆ పదకొండు ఇళ్ల రక్తం సీసాలు శుక్రవారం పెద్ద కేంద్రానికి వెళ్తాయి. అక్కడ జన్యువులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. ల్యాబ్‌లో ఇప్పటిదాకా చదివింది ఆ ఒక్క చోటునే. తల్లిదండ్రుల రక్తం ల్యాబ్‌లో లేదు, పిల్లలదే ఉంది. అదీ మనిషికి ఒక్క సీసానే మిగిలింది. ఈసారి వాడితే ఇక ఉండదు.

కంప్యూటర్ పని చూసే అమ్మాయి అడిగింది. "వాళ్లు సొంత తోబుట్టువులే కదా మేడమ్? కాకపోతే ముక్కలు కలవకపోవడంలో వింతేముంది?"

మేడమ్ నవ్వింది. "ఫారంలో నాలుగో ప్రశ్నే అది. ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టారా అని. అన్నిటికీ అవునని టిక్కుంది. రాసింది ఎవరనుకున్నావ్? మన చుట్టాలక్క."

అందరూ ఆమె వైపు చూశారు. చుట్టాలక్క గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే ఆ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు. తొమ్మిదేళ్లలో ఒక్కరిని కూడా. మనకు పెదనాన్న కొడుకూ అన్నే, పిన్ని కూతురూ చెల్లెలే. మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టిన తల్లిని పట్టుకుని, "వీళ్లిద్దరూ సొంతమేనా, తండ్రి కూడా ఒకడేనా?" అని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? అడిగితే మర్యాద పోతుంది, అడగకపోతే ఏం పోతుందిలే అనుకుంది. తిరుగుదారిలో బస్సులో కూర్చుని నాలుగో గడిలో టిక్కు పెట్టేసేది.

సాయంత్రం ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరిగింది. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే భర్త కాసేపు చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏంటే, ఆ గిన్నె తోమడం ఇది మూడోసారి."

"తప్పు జరిగింది."

"కూరలోనా?"

"పటంలో. చెప్తే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మేడమ్ ఇన్నేళ్ల కష్టం నీళ్లపాలవుతుంది."

సంగతంతా విని అతను తేలిగ్గా తేల్చేశాడు. "శుక్రవారందాకా టైముంది కదా. వెళ్లి అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు."

"ఇది అడిగితే ఆ అమ్మ చీపురు తీస్తుంది."

మర్నాడు మూడు రోజులు సెలవు పెట్టింది. ల్యాబ్‌లో అందరికీ నంబర్లే తెలుసు. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం మాత్రం చుట్టాలక్క సొరుగులో తాళం కింద ఉంటుంది. ఆ పేర్లు మేడమ్‌కు కూడా చెప్పకూడదన్నది మేడమ్ పెట్టిన నియమమే. పుస్తకం తీసి పదకొండు నంబర్లకూ ఎదురుగా ఉన్న ఇళ్లు రాసుకుంది. చివరిది నూట నలభై మూడు. దాని ఎదురుగా ఉన్న పేరు రెండుసార్లు చదివింది.

అది మేడమ్ ఇల్లు. మేడమ్, ఆమె చెల్లెలు. ఇద్దరూ ఒక మధ్యాహ్నం నవ్వుకుంటూ వచ్చి రక్తం ఇచ్చారు. ఆ చెల్లెలు కిడ్నీలు పాడై రెండేళ్ల కిందట పోయింది. ఆ మనిషిది ఇప్పుడు మిగిలింది ఫ్రీజర్‌లో ఒక్క సీసా. అందరి గుమ్మాలూ అయ్యాక చూద్దామని చుట్టాలక్క ఆ నంబరును అట్టడుగునే ఉంచింది.

మొదటి ఇంట్లో పిల్లల తండ్రి లేచి నిలబడ్డాడు. "మా ఆవిడ గురించి ఏమనుకుంటున్నారు మీరు?" రెండో ఇంట్లో నానమ్మ అరగంట నవ్వింది. ఇద్దరు మనవళ్ల చెవులూ పట్టుకుని చూపించి, "ఈ చేటల్ని చూశాక కూడా అనుమానమా తల్లీ?" అంది. మూడో ఇంట్లో తలుపు మొహం మీదే పడింది. చుట్టాలక్క మెట్ల మీద కూర్చుంది. చెమట తుడుచుకుంది. మళ్లీ బెల్లు కొట్టింది. ఈసారి జవాబు వచ్చింది గానీ దాంతోపాటు వచ్చిన తిట్లు ఫారంలో పట్టవు. ఆరో ఇంట్లో మాత్రం తల్లి ఏమీ దాచకుండా, "పెద్దాడు మా బావగారి కొడుకు కదా, మీకు తెలుసనుకున్నాను," అంది. తెలుసనుకున్నాను అన్న మాట చుట్టాలక్కకు చెంపదెబ్బలా తగిలింది.

గురువారం సాయంత్రం పదో ఇల్లు. ఆ తల్లి కొడుకులిద్దరినీ కిందికి పంపి తలుపు దగ్గరగా వేసింది.

"చిన్నాడు మా అక్క కొడుకు. వాడికింకా తెలీదు." చిన్న గొంతుతో అడిగింది. "సొంతమేనా అన్నారు. రోజుకి నాలుగుసార్లు సూది వేస్తున్నాను. పొద్దున లేవకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఇంకేం చేస్తే సొంతమవుతాడో మీ ఫారంలో రాసుందా?"

చుట్టాలక్కకు ఏడుపొచ్చింది. ఏం రాయాలో తెలుసు, రాసింది. ఆ సంగతి నంబరు కిందే ఉంటుందని, గుమ్మం దాటదని మాటిచ్చింది. బస్సు ఎక్కాక నంబర్ల కాగితం తీసి చివరిది చూసింది. రేపు పొద్దున ఇదే ప్రశ్న చెల్లెలు పోయిన మనిషిని అడగాలి.

శుక్రవారం ఎనిమిదింటికే సీసాలు కరగకుండా పంపే డ్రై ఐస్ పెట్టె బల్ల మీదికొచ్చింది. మేడమ్ సీసాల నంబర్లు సరిచూస్తోంది. చుట్టాలక్క ఎదురుగా నిలబడి అంతా చెప్పేసింది. బస్సులో పెట్టిన టిక్కులు, మూడు రోజుల తిరుగుడు, పది ఇళ్లు, వాటిలో రెండు నంబర్ల పిల్లలు సొంత తోబుట్టువులు కాదని.

మేడమ్ మొహం ఎర్రబడింది. "రెండొందల పన్నెండు ఫారాలక్కా. ఒక్కచోటా అడగలేదా?"

"లేదు మేడమ్. మొహం చెల్లలేదు."

"మిమ్మల్ని నమ్మి నేను..." మేడమ్ రెండు ఇళ్ల సీసాలూ పక్కన పెట్టింది. అలా పెట్టడంలోనే కోపమంతా కనిపించింది. "పదకొండోది? అదెందుకు అడగలేదు?"

చుట్టాలక్క నూట నలభై మూడో నంబరు ఫారం తీసి మేడమ్ ముందు పెట్టి, నాలుగో ప్రశ్న మీద వేలుంచి, తన జీవితంలో పదకొండోసారి పైకి చదివింది.

"మీరిద్దరూ ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టినవాళ్లేనా?"

మేడమ్ ఫారం వైపు చూసింది. తర్వాత ఆమె వైపు చూసింది. సీసా పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"మా బాబాయి కూతురు," అంది. "ఆర్నెల్ల పిల్లప్పుడు బాబాయీ పిన్నీ ఇద్దరూ పోతే అమ్మ ఎత్తుకొచ్చింది. ఇంట్లో ఎప్పుడూ ఆ మాట ఎవరూ అనలేదు. ఆ రోజు మీరేం అడిగారు నన్ను?"

"తోబుట్టువులెంతమంది అన్నాను. ఒక చెల్లి అన్నారు."

"అబద్ధం చెప్పలేదు నేను."

"లేదు మేడమ్."

"గుర్తు రాలేదంతే. ఈ ప్రశ్న ఫారంలో పెట్టిందే నేను, నాకే గుర్తు రాలేదు." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకోలేదు కూడా.

తిట్టినా బాగుండుననిపించింది చుట్టాలక్కకు. రబ్బరు తీసుకుని పటంలో రెండు సున్నాలనూ కలిపిన గీత చెరిపింది. గీతను ఒక తరం పైకి తీసుకెళ్లి తాతగారి చదరం గీసి, అక్కడి నుంచి విడిగా కిందికి దించింది. పక్కనే చుట్టరికం రాయాల్సిన గడి ఉంది. అందులో 'బాబాయి కూతురు' అని రాసింది.

మేడమ్ కలం లాక్కుంది. ఆ రెండు మాటలూ కొట్టేసి 'చెల్లెలు' అని రాసింది. దాని వైపు కొద్దిసేపు చూసింది. బయట పెట్టె తీసుకెళ్లే బండివాడు హారన్ కొట్టాడు. మేడమ్ తన చేత్తోనే ఆ మాట కూడా కొట్టేసి, కింద మళ్లీ 'బాబాయి కూతురు' అని రాసి, తమ ఇద్దరి సీసాలూ పెట్టెలోంచి తీసేసింది.