ముక్కు మాస్టర్ కాల్చిన గుమ్మడి

ఆస్పత్రి వంటింట్లో ఆయన్ని అందరూ ముక్కు మాస్టర్ అంటారు. ముక్కు పెద్దదనుకునేరు, కాదు, మామూలు ముక్కే. ఇరవై ఆరేళ్ళుగా ఓవెన్ దగ్గర నిలబడి, గడియారం వంక కన్నెత్తి చూడకుండా, గుమ్మడి ముక్కలు ఎప్పుడు తియ్యాలో వాసనని బట్టి చెప్పేవాడు కాబట్టి ఆ పేరు. పక్క గదిలో టీ తాగుతూ కూర్చుని, "ఇక తియ్యండి, అంచులు ఎర్రబడ్డాయి" అని కేకేసేవాడు. తలుపు తీసి చూస్తే నిజంగానే ఎర్రబడి ఉండేవి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ విద్య ప్రదర్శించకపోతే ఆయనకి పూట గడిచేది కాదు. గొప్పలు చెప్పుకోవడంలో ఎవరికీ తీసిపోడు లెండి.

నిజానికి గుమ్మడి కాల్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. గట్టి తోలు గుమ్మడిని సగానికి కోసి, గింజలు గీకి తీసేసి, బొటనవేలంత మందాన ముక్కలు చెయ్యాలి. నూనె, ఉప్పు, మిరియాల పొడి పట్టించి, ఒకదాని మీద ఒకటి పడకుండా ట్రేలో పరిచి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో పెట్టాలి. సగంలో ఒకసారి తిరగెయ్యాలి. అంతే. భోజనంలో నంజుకోవడానికి మెత్తగా, తియ్యగా ఉంటుంది, పళ్ళు లేని రోగులు కూడా తింటారు. కానీ నూట ఎనభై మందికి రోజూ ఒకేలా కాల్చడం అందరి వల్లా అయ్యే పని కాదు. ఆ మాట కూడా ఆయనే చెప్పేవాడు, అదీ రోజుకి రెండుసార్లు.

అలాంటి మనిషికి కిందటి చలికాలంలో పది రోజులు జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతో పాటే వాసనా పోయింది. జలుబేలే అనుకున్నాడు. నెల గడిచింది. సబ్బు వాసన లేదు, కాఫీ వాసన లేదు, కాలుతున్న గుమ్మడి వాసన అసలే లేదు. నాలుక మీద ఉప్పు, తీపి, కారం తెలిసేవి, అంతకు మించి ఏమీ లేదు. ఇంట్లో భార్యకి చెప్పలేదు. పనిచేసేదే ఆస్పత్రిలో, ఒక అంతస్తు ఎక్కితే డాక్టరుంటాడు, ఆయనకీ చూపించుకోలేదు. చెప్తే ముక్కు మాస్టర్ అన్న పేరు ఏమైపోతుంది? ఎనిమిది నెలలు ఆ సంగతి కడుపులో దాచుకుని తిరిగాడు.

మరి పనెలా నెట్టుకొచ్చాడు అంటారా? అసలు సిగ్గుమాలిన సంగతి అదే. కూరగాయలు కోసే బల్ల దగ్గర ఆయన అన్న కూతురు పనిచేస్తుంది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఆరేళ్ళుగా ఆ గట్టి తోళ్ళు కోసి కోసి కుడి మణికట్టు పాడైపోయింది. పొద్దున వేళ్ళు తిమ్మిరెక్కి పిల్లలకి జడ వెయ్యలేకపోతోంది. మాస్టర్ ఆమెని ఓవెన్ దగ్గరికి పిలిచి, చేతులు కట్టుకుని నిలబడి, "చెప్పు చూద్దాం అమ్మడూ. అయిందా, ఇంకా టైముందా?" అనేవాడు, పరీక్ష పెడుతున్న పంతులులాగా. ఆమె ఒకసారి గాలి పీల్చి, "ఇంకో నాలుగు నిమిషాలు బాబాయ్" అనేది. "పర్లేదు, దార్లో పడుతున్నావు" అనేవాడు. ఆ మాత్రానికే ఆమె పొంగిపోయేది. బాబాయి నాకు పని నేర్పుతున్నాడని ఇంట్లో తల్లితో చెప్పుకునేది. ఎనిమిది నెలలు ఆయన ఆమె ముక్కుతో బండి లాగించి, మెప్పు మాత్రం తను కొట్టేశాడు.

ఇంతలో ఆస్పత్రి కొత్త భవనంలో ఇంకో వంటిల్లు తెరిచే రోజొచ్చింది. అక్కడి ఓవెన్‌కి ఒక మనిషి కావాలి. వంటిళ్ళ బాధ్యత చూసే మేనేజరమ్మ, "మీ అమ్మాయినే వేద్దామనుకుంటున్నా మాస్టారూ. శుక్రవారం ఖాయం చేస్తాను" అంది. అన్న కూతురు ఆ మాట విని కత్తి కింద పెట్టి, నొప్పి చేతిని రెండో చేత్తో రుద్దుకుంటూ నవ్వింది. కొత్త వంటింటికి వెళ్తే ఆ కత్తి పట్టే పని తప్పుతుంది.

సోమవారం పొద్దున స్టోరులో కింది అర వెనక ఎప్పటినుంచో ఉండిపోయిన నూనె డబ్బా ఒకటి మాస్టరే బయటికి లాగాడు. మూత తీసి పెద్ద గిన్నెలోకి వంపాడు. అన్న కూతురు అందులో చెయ్యి పెట్టబోయి ఆగింది.

"బాబాయ్, ఒకసారి ఇది చూడు. కనరు వాసన వేస్తోంది. పాతదేమో."

అంట్లు తోమే ఇద్దరూ తలెత్తి చూశారు. వార్డులకి భోజనం తీసుకెళ్ళే బండి మనిషి కూడా అక్కడే ఉన్నాడు. సరేనమ్మా, పారబొయ్యి అంటే పోయేది. కానీ అలా అంటే, డబ్బా తెరిచిన ముక్కు మాస్టర్‌కి ఆ వాసన ఎందుకు తగల్లేదని నలుగురూ అడుగుతారు కదా. ఆయన గిన్నె ఎత్తి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చాడు. ఖాళీ గాలి. కళ్ళు తెరిచి, "నూనె నూనె వాసనే వేస్తుందమ్మా. నీకేమన్నా సెంటు వాసన కావాలా?" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా మొహం ఎర్రబడి నవ్వేసి, చెయ్యి నూనెలో పెట్టింది.

కాలాక ఒక ముక్క నోట్లో వేసుకుని చూశాడు. ఉప్పు సరిపోయింది, తీపి ఉంది. తలాడించి బండి ఎక్కించాడు.

మధ్యాహ్నం బండి తిరిగొచ్చింది. ఏ ప్లేటు చూసినా గుమ్మడి ముక్కలు అలాగే ఉన్నాయి. కొన్నిటిలో కొరికి ఉమ్మేసినవి కూడా ఉన్నాయి. మేనేజరమ్మ ఒక ప్లేటు పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఏంటి మాస్టారూ ఇది? నోట్లో పెట్టుకునేలా లేదు. నూనె చూసుకోలేదా?"

మాస్టర్ ప్లేటు మీంచి చూపు తిప్పుకున్నాడు. పక్కన, వేపుళ్ళకి వాడేసి పారబొయ్యడానికి ఉంచిన పాత నూనె గిన్నె కనిపించింది. నోరు తనంతట తానే అబద్ధం ఆడేసింది.

"నేను చూసినప్పుడు బాగానే ఉందండీ. ముక్కలకి పట్టించింది తను. చూసుకోకుండా ఆ పారబోసే గిన్నెలో చెయ్యి పెట్టిందేమో."

అంట్లు తోమే ఆవిడ కూడా, "అవునండీ, మాస్టర్ వాసన చూసి బాగుందన్నారు" అని వంత పాడింది. పాపం, ఆవిడ నిజమే చెప్పింది. అన్న కూతురు బాబాయి మొహంలోకి చూస్తూ ఆగింది. ఆయన కుళాయి వైపు చూశాడు. అప్పుడామె, "నాదే పొరపాటై ఉంటుందండీ" అంది. శుక్రవారం సంగతి మళ్ళీ ఆలోచిస్తానని చెప్పి మేనేజరమ్మ వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆయనకి ఆమె మొహం చూడ్డానికి మొహం చెల్లలేదు. అయినా అలవాటు చావక మంగళవారం, "చెప్పు చూద్దాం అమ్మడూ" అని పిలిచాడు. "నాకు తెలీదు బాబాయ్, నువ్వే చూసుకో" అని ఆమె తలెత్తకుండా గుమ్మడి కోసుకుంది. ఆయన ఎవరూ చూడకుండా గడియారం చూసుకుంటూ కాల్చాడు. ఒక పూట పచ్చిగా దిగాయి, ఒక పూట మాడాయి. ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

గురువారం ఆమె స్టోరు గదిలోకి వెనకే వచ్చింది.

"కొత్త వంటింటికి వెళ్ళనని రేపు మేనేజరమ్మకి చెప్పేస్తాను బాబాయ్."

"అదేంటమ్మా?"

"ఆ రోజు నూనె నాకు కనరనిపించింది, నీకు అనిపించలేదు. అంటే నా ముక్కు మంచిది కాదనేగా. పైగా ఎంత గుర్తు చేసుకున్నా నువ్వు వంపిన గిన్నెలోనే చెయ్యి పెట్టినట్టు అనిపిస్తోంది. నువ్వేమో కాదంటున్నావు. ఏ గిన్నెలో చెయ్యి పెట్టానో కూడా తెలీని దాన్ని, ఓవెన్ ముందు నిలబడి ఏం చేస్తాను? జబ్బుమనుషులు తినే తిండి."

ఇంత మాట విన్నాక కూడా ఆయన అరలో డబ్బాలు సర్దుకుంటూ ఉండిపోయాడు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి, మణికట్టుకి గుడ్డ బిగించి కట్టుకుని, ఇంకో గుమ్మడి ముందుకి లాక్కుంది. తప్పు పక్కవాళ్ళ మీదికి తోసేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. ఈయన అంతకంటే అన్యాయం చేశాడు. ఆమెకి ఆమె మీదున్న నమ్మకమే పోగొట్టాడు. అది ఆయనకి అర్థమైంది. ఆ సాయంత్రం భార్య వడ్డించిన అన్నం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా, తన మీద తనకే అసహ్యం వేసి లేచిపోయాడు.

శుక్రవారం పొద్దున అన్న కూతుర్ని వెంటబెట్టుకుని మేనేజరమ్మ గదికి వెళ్ళాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాకు ఎనిమిది నెలలుగా వాసన తెలీదండీ. ఆ నూనె డబ్బా నేనే తెరిచాను. ఈ అమ్మాయి బాగాలేదని చెప్పింది. నేను వాసన చూసినట్టు నటించాను. తను వేరే గిన్నెలో చెయ్యి పెట్టలేదు. నేను అబద్ధం చెప్పాను."

మేనేజరమ్మ అరవలేదు, తిట్టలేదు. ఇవాళే డాక్టరుకి చూపించుకోమంది, ఇకనుంచి ఓవెన్ దగ్గర నిలబడొద్దంది. సోమవారం నుంచి కొత్త వంటింట్లో ఓవెన్ అన్న కూతురిదేనని చెప్పి పంపేసింది.

వరండాలోకి వచ్చారు. చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకున్నాడు ఆయన. అవలేదు. ఆమె మొహంలో సంతోషం వెతికాడు, అదీ లేదు.

"రోజూ చెప్పు చూద్దాం అనేవాడివి. అది పని నేర్పడం కాదా బాబాయ్?"

"కాదమ్మా. తెలీకే అడిగేవాణ్ణి."

ఆమె గోడకి ఆనుకుని, గొంతు పెంచకుండా అంది.

"మొన్న సోమవారం ఇంటికెళ్ళగానే అమ్మ ఏమైందని అడిగింది. నేను పొరపాటు చేస్తే మేనేజరమ్మ ఉద్యోగం తీసేస్తానందని, నువ్వు అడ్డుపడి నన్ను కాపాడావని చెప్పాను. నీ గురించి తక్కువగా అనుకోకూడదని. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆదివారం నిన్నూ పిన్నినీ భోజనానికి పిలవమంది."

ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"జరిగింది నేను చెప్పలేను బాబాయ్. నువ్వే వచ్చి చెప్పు."

"వస్తానమ్మా" అన్నాడు ఆయన, తలెత్తకుండానే.